మోచేతి మలుపులో నలిగే నరం

లండన్‌లోని సెయింట్ బార్తొలొమ్యూ ఆసుపత్రి సర్జన్ హెన్రీ ఎర్ల్ దగ్గరికి 14 ఏళ్ల అమ్మాయి ఒకతె వైద్యానికి వచ్చింది. మోచేతి దగ్గర నరం నొప్పి ఆమె బాధ. ఎర్ల్ మోచేతి బొడిపెకు కాస్త పైన ఆ నరాన్ని అడ్డంగా కోసేశాడు. ఆపరేషన్లకు మత్తుమందు ఇవ్వడం ఇంకా మొదలుకాని కాలమది. పిల్లకు నొప్పి పోయింది. దాంతోపాటే చిటికెనవేలికి స్పర్శ కూడా పోయింది. 1816లో ఎర్ల్ ఈ సంగతిని వైద్య పత్రికలో అచ్చువేయించాడు.

ఇప్పుడు నొప్పి కోసం ఎవరూ ఆ నరాన్ని కోయరు. కానీ ‘నొప్పి పోతే చాలు, జబ్బు పోయినట్టే’ అనే లెక్క మాత్రం రోగుల్లో ఇంకా పోలేదు. బామ్ రాస్తారు, మెడికల్ షాపులో అడిగి బీ12 మాత్రలు నెలల తరబడి వేసుకుంటారు. తిమ్మిరి అలవాటైపోతుంది. కొన్నాళ్లకు నొప్పి తగ్గుతుంది కూడా. ఆ తగ్గడం మంచికే అనుకుంటారు. నిజానికి నరం బాగా దెబ్బతిన్న చాలామందిలో బాధ పెద్దగా ఉండదు. చెయ్యి మొద్దుబారి, కండ కరిగి, తాళంచెవి తిప్పడానికి బలం చాలనప్పుడు గానీ డాక్టరు గుర్తుకు రాడు. మోచేతి దగ్గర నలిగిన నరం విషయంలో చూసుకోవలసింది ముందుగా బలాన్ని, ఆ తర్వాత నొప్పిని.

ఈ నరం పేరు అల్నార్. మెడ కింది భాగంలో వెన్నుపాము నుంచి బయల్దేరుతుంది. చంక మీదుగా దండచేతి లోపలివైపు దిగి, మోచేతి లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక బొడిపె వెనకగా మలుపు తిరిగి ముంజేతిలోకి పోతుంది. దారి పొడవునా కండల మాటున నడిచే నరం ఈ ఒక్క మలుపులో చర్మం కిందికి వచ్చేస్తుంది. గుమ్మానికో కుర్చీ అంచుకో మోచెయ్యి కొట్టుకున్నప్పుడు చిటికెనవేలి దాకా జివ్వుమని పాకేది ఇందుకే. దెబ్బ తగిలేది నేరుగా ఈ నరానికి.

మలుపులో దారి ఇరుకు. అడుగున కీలు, పక్కన ఎముక, పైన కప్పులాగా ఒక గట్టి పట్టీ. ఆ పట్టీయే నరాన్ని నొక్కుతోందనీ, దాన్ని చీల్చి వదులు చేస్తే సరిపోతుందనీ లివర్‌పూల్ సర్జన్ జెఫ్రీ ఆస్‌బోర్న్ 1957లో రాశాడు. మరుసటి ఏడు కెనడా వైద్యులు ఫైండెల్, స్ట్రాట్‌ఫర్డ్ ఈ ఇరుకు దారిని క్యుబిటల్ టన్నెల్ అన్నారు. జబ్బుకూ అదే పేరు స్థిరపడింది: క్యుబిటల్ టన్నెల్ సిండ్రోమ్. నరాలు నొక్కుకుపోయే జబ్బుల్లో మణికట్టు దగ్గర వచ్చే కార్పల్ టన్నెల్‌ది మొదటి స్థానమైతే, దీనిది రెండోది.

చెయ్యి చాపినప్పుడు ఈ సొరంగం వదులుగా ఉంటుంది. మడిచేకొద్దీ పట్టీ బిగుస్తుంది, సొరంగం చదునవుతుంది, బొడిపె చుట్టూ తిరిగిన నరం సాగుతుంది. అమెరికన్ సర్జన్ గెల్బర్‌మన్ బృందం 1998లో మృతదేహాల మోచేతులను కొలిచి చూసింది. పూర్తిగా మడిచినప్పుడు సొరంగం వైశాల్యం 30 నుంచి 40 శాతం దాకా తగ్గింది. లోపలి ఒత్తిడి అతి తక్కువగా ఉన్నది మోచెయ్యి సుమారు 45 డిగ్రీలు వంగి ఉన్నప్పుడు. ఈ అంకె గుర్తుంచుకోవాలి, వైద్యంలో మళ్లీ పనికొస్తుంది.

మడత అంటే ఎవరికీ ప్రమాదంగా తోచదు. కానీ ఎన్ని గంటలు మడిచి ఉంచుతున్నామో చూడండి. చెయ్యి తలకింద పెట్టుకుని ఓ నిద్ర, ఫోను చెవికి ఆనించుకుని గంటసేపు మాటలు, పడుకుని ముఖం మీదికి ఫోను ఎత్తిపట్టి సినిమా. ఇవి చాలక మోచేతులు బల్లకు ఆనించి కంప్యూటర్ ముందు రోజంతా. లారీ, బస్సు డ్రైవర్లలో కొందరు కిటికీ అంచు మీద మోచెయ్యి వేసి నడుపుతారు, వాళ్లకు మడతకు తోడు నేరుగా ఒత్తిడి కూడా. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్య పత్రికలో 2009లోనే ‘సెల్‌ఫోన్ మోచెయ్యి’ గురించి డాక్టర్లు రాశారు. అప్పటికింకా ఫోను మాట్లాడుకునే వస్తువు, ఇప్పుడది చేతిలోంచి దిగదు.

మధుమేహం ఉన్నవాళ్ల నరాలు ఒత్తిడికి త్వరగా లొంగిపోతాయి. మరో పాత కారణం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడి మోచేతి బయటివైపు ఎముక విరుగుతుంది. నాటుకట్టు కట్టిస్తారు, లేదా సిమెంటుకట్టుతో సరిపెడతారు. పైకి చెయ్యి బాగానే ఉంటుంది. కానీ ఆ విరుగు సరిగా అతకకపోతే పిల్లాడు పెరిగేకొద్దీ మోచెయ్యి బయటికి వంకరపోతుంది, నరం రోజూ కాస్త కాస్త సాగుతుంది. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత చెయ్యి బలహీనపడితే, చిన్ననాటి దెబ్బకూ దీనికీ సంబంధం ఉందని ఇంట్లో ఎవరికీ తట్టదు. పిల్లల మోచేతి ఎముక విరిగితే ఎముకల డాక్టరుకు ఎక్స్‌రేతో సహా చూపించాలని అనడం అందుకే.

ఉంగరపు వేలు చెప్పే సాక్ష్యం

తిమ్మిరి ఎక్కడ ఉందో కచ్చితంగా చెప్పగలిగిన రోగి డాక్టరు పని సగం తగ్గిస్తాడు. ‘చెయ్యంతా తిమ్మిరి డాక్టరుగారూ’ అంటే ఏమీ తేలదు. అల్నార్ నరం స్పర్శ ఇచ్చేది చిటికెనవేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ. ఒకే వేలికి చిటికెనవేలి వైపు మొద్దుబారి, నడిమివేలి వైపు మామూలుగా ఉందంటే అనుమానం అల్నార్ మీదికి పోతుంది. మెడలో నరం నొక్కుకుంటే ఉంగరపు వేలు ఇలా నిలువునా రెండుగా చీలదు. పైగా ముంజేతి లోపలి అంచు కూడా మొద్దుబారుతుంది. ఆ అంచు అల్నార్ నరం పరిధిలోది కాదు. అరచేతి వెనకవైపు, చిటికెనవేలి పక్కన చర్మం కూడా మొద్దుబారి ఉంటే ఒత్తిడి మణికట్టు దగ్గర కాదనీ, దానికి పైనే ఉందనీ అర్థం. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టు రాకముందే చీలిపోతుంది.

ఇంత తేలిగ్గా తేలే విషయానికి చాలామంది నేరుగా మెడ ఎంఆర్‌ఐ తీయించుకుంటారు. నలభై దాటిన వాళ్ల మెడ స్కానులో డిస్కు కాస్త ఉబ్బి కనిపించడం మామూలే, ఏ బాధా లేని వాళ్లలోనూ ఉంటుంది. రిపోర్టులో ఆ మాట కనపడగానే మెడకు పట్టీ, మెడకు వ్యాయామాలు. మోచేతిని ఎవరూ తాకి చూడరు.

ఎడమ చెయ్యి అయితే మరో భయం: గుండెపోటేమోనని. నెలల తరబడి రెండు వేళ్లకే పరిమితమై, చెయ్యి మడిచినప్పుడు పెరిగి, చాపితే తగ్గే తిమ్మిరి గుండెది కాదు. అయితే ఛాతీలో బరువు, చెమట, ఆయాసం తోడైతే ఈ వేళ్ల లెక్కలు పెట్టుకోకుండా వెంటనే 108కు ఫోన్ చేయాలి.

అల్నార్ నరం చేసే రెండో పని ఇంకా ముఖ్యమైనది. అరచేతిలోని చిన్న చిన్న కండరాల్లో ఎక్కువ భాగం దీని అధీనంలోనే ఉంటాయి. వేళ్లు విడదీయడం, దగ్గరికి చేర్చడం, బొటనవేలిని చూపుడువేలికి గట్టిగా అదమడం దాని పనే. చొక్కా గుండీ, జాకెట్టు హుక్కు, తాళంచెవి, ముగ్గుపిండి, పూలదండ కట్టే దారం, అన్నిటికీ ఆ అదుము కావాలి. నరం బలహీనపడితే మొదట ఈ పనులు మొరాయిస్తాయి. చేతిలోని వస్తువులు జారిపోతుంటాయి. చిటికెనవేలు పక్క వేలికి దూరంగా నిలబడి, జేబులో చెయ్యి పెట్టుకునేటప్పుడు అంచుకు తగులుకుంటుంది.

ఫ్రెంచి వైద్యుడు జూల్స్ ఫ్రోమెంట్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1915లో వివరించిన పరీక్షను ఇప్పటికీ ఈ అదుమును చూడటానికి వాడుతున్నారు. ఒక కాగితాన్ని రెండు చేతుల బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య పట్టుకుని చెరోవైపు లాగాలి. నరం బాగున్న చేతిలో బొటనవేలు తిన్నగా ఉంటుంది. దెబ్బతిన్న చేతిలో కాగితం జారకుండా ఉండాలని బొటనవేలి చివరి కణుపు ముందుకు మడుచుకుంటుంది. పని చేయని కండరం బదులు మరో నరం కింద ఉన్న కండరం సాయానికి వస్తుందన్నమాట. అదే సంవత్సరం మరో ఫ్రెంచి వైద్యుడు జూల్స్ టినెల్ చెప్పిన పరీక్షలో నరం మీద వేలితో మెల్లగా తట్టి, వేళ్లలోకి జివ్వుమంటుందేమో చూస్తారు. మోచెయ్యి పూర్తిగా మడిచి కాసేపు ఆపితే తిమ్మిరి వస్తుందేమో గమనించడం ఇంకొకటి.

ఆ తర్వాత నర్వ్ కండక్షన్ పరీక్ష. చర్మం మీద చిన్న కరెంటు ఇచ్చి నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. మోచేతి దగ్గర వేగం సెకనుకు 50 మీటర్ల కన్నా తగ్గినా, ముంజేతిలోని వేగం కన్నా 10 మీటర్లకు మించి పడిపోయినా నరం అక్కడే నలుగుతోందని తీర్మానిస్తారు. చిన్న చిన్న షాకులు కొట్టినట్టుంటుంది, అంతకుమించి బాధ లేదు. హైదరాబాద్ నిమ్స్‌లాంటి ఆసుపత్రుల న్యూరాలజీ విభాగాల్లో రోజూ జరిగే పరీక్షే. జబ్బు తొలి రోజుల్లో ఇది మామూలుగా ఉన్నట్టు చూపించవచ్చు కూడా. అల్ట్రాసౌండ్‌లో నరం ఉబ్బి ఉన్న చోటు కనిపిస్తుంది. చెయ్యి మడిచినప్పుడు అది బొడిపె మీదికి జారుతోందేమో కూడా అందులోనే చూడొచ్చు. జారినంత మాత్రాన జబ్బని కాదు. 1956లో చైల్డ్రెస్ అనే డాక్టరు పరిశీలనలో మామూలు జనంలోనే 16 శాతం మందికి అలా జారుతున్నట్టు తేలింది.

డిచ్‌పల్లిని మరిచిపోకూడదు

ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ జబ్బు గురించి చదివితే కనపడని ఒక అధ్యాయం మన దేశంలో తప్పనిసరి. కుష్ఠువ్యాధి క్రిమికి చేతిలో అన్నిటికన్నా ఇష్టమైన నరం అల్నారే. అదీ మోచేతికి కాస్త పైన. శరీరంలో చల్లగా ఉండే, చర్మానికి దగ్గరగా ఉండే చోట్లు ఆ క్రిమికి అనుకూలం. వేలితో తడిమితే నరం లావెక్కి తగులుతుంది. రోగికి కనిపించేవి మాత్రం అవే తిమ్మిరి, అదే బలహీనత, జబ్బు ముదిరితే ముడుచుకుపోయే చిటికెన, ఉంగరపు వేళ్లు.

నిజామాబాద్ దగ్గరి డిచ్‌పల్లిలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టర్ ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పింది. అందుకు భూమి ఇచ్చినవాడు రాజా నర్సాగౌడ్. ఆ రోజుల్లో వేళ్లు ముడుచుకుపోయిన చేతులకు చేయగలిగింది తక్కువ. 1940ల చివర్లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ పాల్ బ్రాండ్ ఆ చేతుల మీద పని మొదలుపెట్టాడు. బాగున్న కండరాల తాళ్లను దారి మళ్లించి, పడిపోయిన కండరాల పని వాటికి అప్పగించాడు. వేళ్లు మళ్లీ తెరుచుకోవడం మొదలైంది. అల్నార్ నరం పూర్తిగా పోయిన చేతులకు ప్రపంచమంతటా సర్జన్లు ఇప్పటికీ చేస్తున్న ఆపరేషన్ల వెనక ఈ వెల్లూరు అనుభవం ఉంది.

దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని 2005 చివరి లెక్కలతో ప్రకటించారు. అయినా ప్రపంచంలో ఏటా కొత్తగా నమోదయ్యే కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ భారతదేశంలోనివే. కాబట్టి మోచేతి నరం బాధతో వచ్చిన వ్యక్తి ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చలున్నాయా అని వెతకని వైద్యం సగం వైద్యమే. ఉంటే మార్గం వేరు: మల్టీడ్రగ్ మందులు, నరం వాచి ఉంటే డాక్టరు పర్యవేక్షణలో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్. ఈ మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. జబ్బు పేరు వినగానే ముఖం దాచుకోవలసిన అవసరం ఏనాడో తీరిపోయింది.

మందుకన్నా ముందు మడత

తిమ్మిరి వచ్చిపోతూ, బలం తగ్గకుండా ఉన్న దశలో ఉన్నవాళ్లకు మంచి వార్త ఉంది. స్వీడన్‌లో స్వెర్న్‌లోవ్ బృందం 70 మంది రోగులను మూడు జట్లు చేసింది. ఒక జట్టు రాత్రిళ్లు మోచెయ్యి మడుచుకోకుండా ఆపే స్ప్లింటు వేసుకుంది. ఇంకో జట్టు నరాన్ని కదిలించే వ్యాయామాలు చేసింది. మూడో జట్టుకు జబ్బు ఎందుకు వస్తుందో, ఏ భంగిమలు మానాలో చెప్పి పంపించారు, అంతే. 2009లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల పాటు కొనసాగిన 57 మందిలో 51 మందికి నయం కనిపించింది. మూడు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే కారణం అర్థమై అలవాటు మార్చుకోవడమే వైద్యంలో పెద్ద భాగం. మన డాక్టర్లకు రద్దీలో దొరకనిది సరిగ్గా ఆ చెప్పే పది నిమిషాలే.

అలవాటు మార్చుకోవడం అంటే మాటల్లో తేలిక. నిద్రలో చెయ్యి ఎటు ముడుచుకుంటుందో ఎవరికి తెలుసు? అందుకే స్ప్లింటు అక్కర్లేదన్న అధ్యయనం ఉన్నా చాలామంది డాక్టర్లు రాత్రికి ఏదో ఒకటి వేసుకోమంటారు. ఖరీదైనది కొననక్కర్లేదు. ఒక తువ్వాలు మోచేతి చుట్టూ వదులుగా చుట్టి, జారకుండా బట్టతో కడితే చెయ్యి పూర్తిగా మడుచుకోదు. బిగించి కడితే అసలుకే మోసం, నరం మీద ఇంకో ఒత్తిడి. కర్ర కట్టినట్టు తిన్నగా ఉంచడమూ అవసరం లేదు. ఇందాకటి 45 డిగ్రీలు ఇక్కడికే పనికొచ్చేది, కాస్త వంగి ఉంటేనే నరానికి సుఖం.

పగలు ఫోనుకు ఇయర్‌ఫోన్లు. బల్ల అంచుకు మోచెయ్యి ఆనకుండా కుర్చీ ఎత్తు సరిచేయడం. ఆనక తప్పని పనైతే మెత్తటి ప్యాడు. చేతులు కట్టుకుని కూర్చునే అలవాటును కూడా కాస్త కనిపెట్టుకోవాలి. జిమ్‌లో మోచెయ్యి లోతుగా మడిచి బరువులెత్తే వ్యాయామాలకు కొన్నాళ్లు సెలవు. సిగరెట్ మానితే నరానికి రక్తం సరఫరా మెరుగవుతుంది.

మాత్రల సంగతి. మామూలు నొప్పి బిళ్లలు నరం నొప్పి మీద పెద్దగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్ వంటివి నరం పంపే తప్పుడు సంకేతాలను తగ్గిస్తాయి. మగత, తలతిరుగుడు వస్తాయి కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదుతోనే మొదలుపెట్టాలి, అకస్మాత్తుగా మానకూడదు. బాధ ఓర్చుకునేలా చేస్తాయే గానీ నరం మీది ఒత్తిడిని ఇవి తీయలేవు. బీ12 లోపం ఉన్నవాళ్లకు బీ12 తప్పనిసరి. శాకాహారుల్లో, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడే మధుమేహ రోగుల్లో ఆ లోపం కనిపిస్తుంది, రక్తపరీక్షతో తేలుతుంది. లోపం లేకుండా, నలుగుతున్న నరానికి ఊరికే బీ12 మింగుతూ కూర్చుంటే పోయేది కాలం. మణికట్టు దగ్గర కొంత మేలు చేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా మోచేతి దగ్గర ఉత్తుత్తి ఇంజెక్షన్ కన్నా మెరుగని రుజువు కాలేదు.

మర్దన గురించి ఒక్క మాట. భుజం కండరాలకు నూనె రాసుకుంటే హాయిగా ఉంటుంది, కాదనేది లేదు. కానీ మోచేతి లోపలి గాడిలో బొటనవేలితో అదిమి ‘నరం సరిచేయించుకోవడం’ అప్పటికే నలిగిన దాన్ని ఇంకా నలపడమే. స్పర్శ తగ్గిన వేళ్లకు వేడి కాపడం పెడితే కాలినా తెలియదు.

ఇలా ఎన్నాళ్లు చూడాలి? బలం బాగుంటే సాధారణంగా మూడు నెలలు. ఈలోగా తిమ్మిరి తగ్గుముఖం పడితే అదే దారిలో సాగొచ్చు. ఎప్పుడూ వదలని మొద్దుబారుడు, అదుము తగ్గడం, బొటనవేలికి చూపుడువేలికి మధ్య అరచేతి వెనకవైపు గుంట పడటం, వీటిలో ఏదున్నా మూడు నెలల గడువు వర్తించదు, వెంటనే సర్జన్‌ను కలవాలి.

కత్తి ఎప్పుడు, ఎలా

తొందర ఎందుకో నరం నిర్మాణంలోనే ఉంది. కరెంటు తీగకు రబ్బరు తొడుగు ఉన్నట్టే నరపు పోగుకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఒత్తిడికి మొదట చెడేది ఈ తొడుగు. ఒత్తిడి తీసేస్తే వారాల్లో, నెలల్లో అది మళ్లీ కట్టుకుంటుంది. తర్వాత లోపలి పోగు తెగడం మొదలవుతుంది. తెగిన పోగు తిరిగి పెరిగేది రోజుకు ఒక మిల్లీమీటరు. మోచేతి నుంచి అరచేతి కండరం దాకా పెరిగి రావాలంటే ఇంచుమించు ఏడాది. ఏడాది, ఏడాదిన్నర నరం అందని కండరం ఇక కోలుకోదు. ఆలస్యంగా చేసిన ఆపరేషన్ ఎంత చక్కగా జరిగినా చేతికి పూర్తి బలం రాకపోవడానికి కారణం సర్జన్ నైపుణ్యలోపం కాదు, ఈ లెక్కే.

ఎలా చేయాలన్న దాని మీద సర్జన్లు వందేళ్లకు పైగా వాదించుకున్నారు. 1898లో కర్టిస్ అనే అమెరికన్ సర్జన్ నరాన్ని బొడిపె వెనక గాడిలోంచి తీసి ముందువైపుకు, చర్మం కిందికి మార్చాడు. చెయ్యి మడిచినా ఇక సాగదని ఆలోచన. 1942లో లియర్‌మంత్ దాన్ని ఇంకా లోతుగా, కండరాల కిందికి తీసుకెళ్లాడు. 1950లో కింగ్, మోర్గన్ బొడిపె ఎముకనే చెక్కేశారు. ఆస్‌బోర్న్ చెప్పింది వీటన్నిటికన్నా సులువు: పైకప్పు పట్టీని చీల్చి నరాన్ని ఉన్నచోటే వదిలేయడం.

పెద్ద ఆపరేషన్ అంటే గొప్ప ఫలితం అనుకోవడం సహజం. నెదర్లాండ్స్‌లో బార్టెల్స్ బృందం దీన్ని పరీక్షకు పెట్టింది. 152 మంది రోగులను చీటీ వేసినట్టు రెండు జట్లుగా విడదీసి ఒక జట్టుకు పట్టీ చీల్చడం, మరో జట్టుకు నరాన్ని ముందుకు మార్చడం చేశారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి జట్టులో 75 మందిలో 49 మందికి, రెండో జట్టులో 77 మందిలో 54 మందికి మంచి గుణం కనిపించింది. ఇంచుమించు సమానమే. గాయం దగ్గర మొద్దుబారడం, ఇన్‌ఫెక్షన్ వంటి చిక్కులు మాత్రం మొదటి జట్టులో 9.6 శాతం, రెండో దాంట్లో 31.1 శాతం. తర్వాత ఇలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసిన కాక్రేన్ సమీక్షలూ అదే మాట చెప్పాయి: జబ్బు ముదిరిన వాళ్లలో సైతం రెండింటి ఫలితమూ ఒకటే. ఇంత రుజువు ఉన్నాక నేరుగా పెద్ద ఆపరేషన్‌కు రాసే డాక్టరును ‘నాకు ఎందుకు అవసరం?’ అని అడిగే హక్కు రోగికి ఉంది. నరం బొడిపె మీదికి జారి బాధపెడుతుంటేనో, పాతకాలంలో ఎముక విరిగి మోచెయ్యి వంకరపోయి ఉంటేనో, మొదటి ఆపరేషన్ ఫలించకపోతేనో నరాన్ని ముందుకు మార్చడానికి తగిన కారణం ఉంటుంది.

నరం మార్పిడి గురించి క్రీడాలోకంలో అందరూ విన్న కథ ఒకటుంది, అందులో నరం పాత్ర మాత్రం తక్కువమందికి తెలుసు. 1974 సెప్టెంబరులో అమెరికన్ బేస్‌బాల్ పిచర్ టామీ జాన్‌కు డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మోచేతి లిగమెంటును కొత్తగా కట్టాడు. ఆ ఆపరేషన్ ఇప్పటికీ జాన్ పేరుతోనే నడుస్తోంది. అది అయిన కొన్ని వారాలకే అతని చెయ్యి పట్టు తప్పి వేళ్లు ముడుచుకుపోసాగాయి. కారణం అల్నార్ నరం. జోబ్ డిసెంబరులో మళ్లీ మోచెయ్యి తెరిచి ఆ నరాన్ని దారి మళ్లించాడు. 1975 సీజన్ మొత్తం జాన్ మైదానానికి దూరం. పోగులు మెల్లగా పెరిగి వచ్చాయి. 1976లో తిరిగొచ్చి, 1989లో 46 ఏళ్ల వయసులో విరమించేలోపు 164 మ్యాచ్‌లు గెలిచాడు. రెండో ఆపరేషన్ వారాల్లోనే జరిగిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి.

సాధారణ పట్టీ ఆపరేషన్‌కు ఆసుపత్రిలో ఉండిపోనక్కర్లేదు. చెయ్యికి మాత్రమే మత్తు ఇచ్చి చేసి, అదేరోజు ఇంటికి పంపేస్తారు. వేళ్లు, మోచెయ్యి తొలిరోజుల నుంచే మెల్లగా కదిలించమంటారు. రెండు వారాలకు కుట్లు తీస్తారు. కాగితాల పని, కంప్యూటర్ పని త్వరగానే మొదలుపెట్టొచ్చు, బరువులెత్తే కూలీ పనికి నెలన్నర దాకా ఆగాలి. కోత దగ్గర చర్మపు చిన్న నరం తెగితే ఆ చోట మొద్దుబారుడు, తాకితే చురుకు మిగలొచ్చు. రాత్రి లేపే నొప్పి ముందు పోతుంది. తిమ్మిరి నెలలు తీసుకుంటుంది. బలం అన్నిటికన్నా చివర వస్తుంది, జబ్బు ముదిరాక చేయించుకున్న వాళ్లకు మొత్తం రాదు.

ముదిరిన వాళ్ల కోసం కొత్తగా ఒక దారి తెరుచుకుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ సర్జన్ సుసాన్ మెకిన్నన్ బృందం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ముంజేతిలో మరో నరం నుంచి ఒక కొమ్మను తెచ్చి, మణికట్టుకు కాస్త పైన అల్నార్ నరం పక్కకు కలుపుతారు. మోచేతి నుంచి పోగులు పాకి వచ్చేదాకా అరచేతి కండరాలను ఈ అరువు నరం బతికించి ఉంచుతుందని ఆశ. ఎవరికి ఎంత మేలు చేస్తుందన్నది ఇంకా తేలుతున్న విషయమే. చేతి శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ ఉన్న ప్లాస్టిక్ సర్జన్లు, ఆర్థోపెడిక్ సర్జన్లు దీన్ని చేస్తున్నారు.

ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఒకసారి వాళ్ల రెండు చేతులూ పక్కపక్కన పెట్టి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య కండ రెండువైపులా ఒకేలా ఉందో లేదో చూడండి. కాగితం పట్టించి లాగి చూడండి. తేడా ఉంటే, ‘నాకేం నొప్పి లేదు’ అని వాళ్లు ఎంత చెప్పినా, ఆ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించండి.